అప్‌డేట్ తర్వాత సౌండ్ మారిందా? మ్యూజిక్ సర్వర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే నా మ్యూజిక్ సర్వర్‌ను, అంటే ఇంట్లో దాచుకున్న పాటల ఫైళ్లను వినిపించే ఏర్పాటును, అప్‌డేట్ చేశాను. పది నిమిషాల పని. అయ్యాక ఒక కొత్త సినిమా పాట పెడితే సౌండ్ ఒక్కసారిగా విచ్చుకున్నట్టు అనిపించింది. బేస్ గట్టిగా దిగుతోంది, గొంతు నాలుగడుగులు ముందుకొచ్చి పాడుతోంది. ఆగలేక మా బావమరిదికి ఫోన్ చేసి అరగంట వర్ణించాను. వాడు అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"బావా, వాల్యూమ్ ఎంతలో ఉంది?"

"ఎప్పుడూ ఉండే చోటే. నాబ్ ముట్టుకోనేలేదు" అన్నాను. అది నిజమే, నాబ్ నేను ముట్టుకోలేదు.

అసలు సంగతి వారం తర్వాత బయటపడింది. అప్‌డేట్ మధ్యలో స్క్రీన్ మీద వచ్చిన ప్రశ్నను చదవకుండా వై కొట్టేశాను. దాంతో నేను రాసుకున్న సెట్టింగ్స్ ఫైలు పక్కకు పోయి, ప్యాకేజీతో వచ్చిన కొత్త ఫైలు దాని చోట కూర్చుంది. నా ఫైల్లో రీప్లేగెయిన్ ఆన్‌లో ఉండేది. పాటలన్నీ ఇంచుమించు ఒకే గట్టితనంతో వినపడేలా చూసే ఏర్పాటు అది. ఆ కొత్త పాటను ఏడు డెసిబెల్స్ దాకా తగ్గించేది. ఇప్పుడా తగ్గింపు లేదు కాబట్టి పాట గట్టిగా వచ్చింది, గట్టిగా వచ్చింది కాబట్టి బాగుందనిపించింది. దానికి తోడు, డాక్‌కు (పాట అంకెలను యాంప్‌కు వెళ్లే సౌండ్‌గా మార్చే పెట్టె) నేరుగా వెళ్లే దారి కూడా ఆ ఫైలుతోనే పోయింది. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో, అంటే సెకనుకు 44,100 శాంపిళ్లతో ఉన్న సీడీ పాట దారిలో 48కి మారి డాక్‌కు చేరుతోంది. లెక్క ప్రకారం సౌండ్ చెడింది. నా చెవికి మాత్రం పెళ్లి భోజనంలా ఉంది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ఎంపీడీ, దాని మీద కట్టిన వాల్యూమియో, మూడ్, లేదంటే లిరియన్ మ్యూజిక్ సర్వర్, రూన్, ఈ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లలో ఏది వాడినా వరస ఇదే. బటన్లు ఉండే చోట్లు మారతాయి, అంతే.

ముందుగా: అప్‌డేట్‌కు ఏం చేతనవుతుంది, ఏం చేతకాదు

ఫ్లాక్ ఫైలు లాస్‌లెస్, అంటే పాటను కుదించినా అందులో ఏదీ పోదు. దాన్ని ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్ విప్పినా లోపలి నుంచి వచ్చే అంకెలు ఒకటే. ఇది నమ్మకం మీద చెప్పే మాట కాదు. ఫ్లాక్ ఫైలు తలభాగంలో అసలు ఆడియోకు ఎండీ5 సంతకం రాసి ఉంటుంది, విప్పాక వచ్చిన అంకెలను దానితో సరిచూసుకోవచ్చు. కాబట్టి "కొత్త వెర్షన్ ఫ్లాక్‌ను ఇంకా తియ్యగా డీకోడ్ చేస్తోంది" అని ఎవరైనా చెబితే కాఫీ ఇచ్చి పంపేయండి.

మారేది డీకోడ్ అయ్యాక ఆ అంకెలు డాక్‌కు చేరే దారిలో. దారిలో వాల్యూమ్ సర్దే చోటు ఒకటి ఉంటుంది, శాంపిల్ రేటు మార్చే చోటు ఒకటి, రీప్లేగెయిన్, ఈక్వలైజర్, క్రాస్‌ఫేడ్ లాంటివి ఇంకొన్ని. అప్‌డేట్ వీటిలో దేన్నైనా ఆన్ చేయొచ్చు, ఆఫ్ చేయొచ్చు, డీఫాల్ట్‌కు తెచ్చేయొచ్చు. డ్రైవర్ మారి సౌండ్ కార్డుల వరస తారుమారు కావచ్చు. బఫర్ చాలక మధ్యమధ్యలో చిటపటలు రావచ్చు. ఎంపీ3 లాంటి ఫైళ్లలో డీకోడర్ మారితే చివరి బిట్ల దగ్గర తేడా వస్తుంది, కానీ అది ఇంట్లో వినపడేంత ఉండదు.

నా అనుభవంలో "సౌండ్ మారింది" అన్న ప్రతిసారీ తవ్వుకుంటూ పోతే చివరికి తేలింది ఒక సెట్టింగే.

అప్‌డేట్‌కు ముందు రోజు

రిలీజ్ నోట్స్ చదవండి. అంతా చదవక్కర్లేదు. కెర్నల్, అల్సా (లినక్స్‌లో సౌండ్ చూసుకునే భాగం), డ్రైవర్, రీశాంప్లర్, వాల్యూమ్, డీఎస్పీ, రీప్లేగెయిన్ అనే మాటలు కనపడితే ఆగి ఆ వాక్యం చూడండి. ఇవేవీ లేకుండా ఆల్బమ్ ఫొటోలు, సెర్చ్, మెనూలు, కొత్త భాషలు అని మాత్రమే ఉంటే ఆ అప్‌డేట్ సౌండ్ జోలికి రాదన్నమాట. ఇక్కడే సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు కూడా పనికొస్తాయి గానీ, ఆర్నెల్ల తర్వాత గ్యాలరీలో వెతుక్కోవడం కంటే కాగితమే నయం. రాసుకోవాల్సినవి: సాఫ్ట్‌వేర్ వెర్షన్, అవుట్‌పుట్‌గా ఎంచుకున్న డాక్ పేరు, వాల్యూమ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉందా, హార్డ్‌వేర్‌లో ఉందా, అసలు లేదా, రీప్లేగెయిన్ ఏ మోడ్‌లో ఉంది, క్రాస్‌ఫేడ్ ఎన్ని సెకన్లు, రీశాంప్లింగ్ ఉంటే దేనికి మారుస్తోంది, డీఎస్‌డీ పాటలుంటే (ఒక్కో బిట్‌గా రికార్డు చేసే వేరే తరహా ఫైళ్లు) అవి డాక్‌కు ఎలా వెళుతున్నాయి. లిరియన్ వాడేవాళ్లు ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఆడియో పేజీ తెరిస్తే వీటిలో చాలావరకు ఒకేచోట దొరుకుతాయి. అక్కడే బిట్‌రేట్ పరిమితి అనే గడి ఒకటుంది, అదీ రాసుకోండి. అందులో పరిమితి పడిందంటే ఫ్లాక్ పాట ఎంపీ3గా మారి ప్లేయర్‌కు వెళ్లే ప్రమాదం ఉంది.

తర్వాత అన్నిటికన్నా విలువైన పని: మెమరీ కార్డుకు నకలు. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకు ఉన్న గొప్ప సుఖం ఇది. సర్వర్ ఆపి, కార్డు తీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి మొత్తాన్నీ ఇమేజ్‌గా తీసి, అదే సైజు రెండో కార్డు మీద రాయండి. అదే సైజు అన్నాను గానీ, 32 జీబీ అని రాసి ఉన్న రెండు కంపెనీల కార్డులు ఖచ్చితంగా సమానంగా ఉండవు. రెండోది కొన్ని మెగాబైట్లు తక్కువున్నా ఇమేజ్ పట్టదు. అందుకే రెండు కార్డులూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనండి. నకలు తీసిన కార్డుతో ఒకసారి సర్వర్ బూట్ చేసి పాట వినండి. పరీక్షించని బ్యాకప్, తాళంచెవి లేని బీరువా లాంటిది.

ఎన్‌యూసీ లాంటి చిన్న పీసీ, ల్యాప్‌టాప్, నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్క్ పెట్టె) మీద సర్వర్ నడిపేవాళ్లకు ఈ సుఖం లేదు. వాళ్లు కనీసం సెట్టింగ్స్ ఫైళ్లు, డేటాబేస్ బ్యాకప్ వేరే డిస్క్ మీదకు తీసి ఉంచాలి.

మూడు పాటలు ఎంచుకోండి

ఇరవై పాటలతో పరీక్ష పెట్టుకుంటే చివరికి చెవి అలిసిపోతుంది, ఏదీ తేలదు. మూడు చాలు, కానీ మూడింటికీ మూడు వేర్వేరు పనులుండాలి.

ఒకటి కర్ణాటక కచేరీ లైవ్ రికార్డింగ్, అందులోనూ ఆలాపన ఒక ట్రాక్‌గా, కీర్తన తర్వాతి ట్రాక్‌గా కోసి ఉన్నది. రెండు ట్రాకుల మధ్య తంబూర ఆగకూడదు. అప్‌డేట్ తర్వాత అక్కడ క్షణం మౌనమో, చిన్న టిక్ శబ్దమో వచ్చిందంటే గ్యాప్‌లెస్ పోయినట్టు. ఒక ట్రాక్ చివర తగ్గుతూ ఇంకోటి పైకి లేస్తే క్రాస్‌ఫేడ్ ఆన్ అయినట్టు. మధ్యలో సౌండ్ తెగుతోందా అన్నది పట్టుకోవడానికీ తంబూరను మించింది లేదు. డప్పులు మోగే పాటలో ఐదు మిల్లీసెకన్ల గ్యాప్ కలిసిపోతుంది, తంబూర నాదంలో అది సూది గుచ్చినట్టు తెలుస్తుంది.

రెండోది ఈ మధ్య వచ్చిన, బాగా గట్టిగా మాస్టర్ చేసిన సినిమా పాట. మూడోది 1950ల, 60ల నాటి పాట ఏదైనా. ఈ రెండూ పక్కపక్కన ఎందుకంటే, రీప్లేగెయిన్ ఆన్‌లో ఉంటే కొత్త పాట బాగా తగ్గుతుంది, పాతది అంతగా తగ్గదు. అప్‌డేట్ తర్వాత కొత్త పాట మాత్రమే "విచ్చుకుని" పాత పాట ఎప్పటిలాగే ఉంటే అనుమానం నేరుగా రీప్లేగెయిన్ మీదకు పోవాలి. ఆ ఆదివారం నేను పాత పాట కూడా ఒకటి పెట్టి ఉంటే బావమరిదికి ఫోన్ వెళ్లేది కాదు.

అప్‌డేట్ చేసే రోజు

కరెంటు సంగతి ముందు చూసుకోండి. కార్డు మీద ఫైళ్లు రాస్తుండగా కరెంటు పోతే సర్వర్ మళ్లీ లేవకపోవచ్చు. ఇన్వర్టర్ మీద లేని గదిలో సర్వర్ ఉంటే, ఆ గంటసేపు ఒక ఎక్స్‌టెన్షన్ లాగి ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. పండగ ముందు రోజు, ఇంటికి చుట్టాలొచ్చే రోజు అప్‌డేట్ జోలికి పోకండి.

అప్‌డేట్ నడుస్తున్నప్పుడు డెబియన్ అనే లినక్స్ ఆధారంగా నడిచే సిస్టమ్‌లలో, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా వాటిలోదే, నన్ను ముంచిన ప్రశ్న వస్తుంది. ఈ సెట్టింగ్స్ ఫైలు మీరు మార్చారు, ప్యాకేజీలో కొత్తది వచ్చింది, ఏం చేయమంటారు అని అడుగుతుంది. వై గానీ ఐ గానీ కొడితే కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఎన్ గానీ ఓ గానీ కొడితే మీదే ఉంటుంది. డీ కొడితే రెండింటికీ తేడా చూపిస్తుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా మీదే ఉంటుంది. తొందరలో ఉంటే ఎంటర్ నొక్కండి, తీరికుంటే డీ కొట్టి చదవండి. ఒకవేళ నాలాగే వై కొట్టేసినా కంగారు లేదు. మీ పాత ఫైలు అదే ఫోల్డర్‌లో, పేరు చివర డీపీకేజీ ఓల్డ్ అనే తోకతో పడి ఉంటుంది.

ఓఎస్ మొత్తం ఒక తరం నుంచి ఇంకో తరానికి మారే పెద్ద అప్‌డేట్ అయితే నా సలహా వేరు: అప్‌డేట్ చేయకండి, కొత్త కార్డు మీద మొదటి నుంచి వేసుకోండి. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ తరంలో రాస్ప్‌బెర్రీ పై డెస్క్‌టాప్ సౌండ్ వ్యవస్థ పల్స్‌ఆడియో నుంచి పైప్‌వైర్‌కు మారింది. బూట్ సెట్టింగ్స్ ఫైలు కూడా బూట్ ఫోల్డర్ నుంచి దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కు వెళ్లిపోయింది. రాస్ప్‌బెర్రీ పై నెత్తిన కూర్చునే డాక్ బోర్డు పేరు రాసేది ఆ ఫైల్లోనే. ఈ మార్పు తెలియక పాత చోట ఉన్న ఫైలు దిద్దుతూ, డాక్ ఎందుకు కనపడట్లేదో అర్థం కాక రెండు రాత్రులు కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

వెంటనే తీర్పు చెప్పకండి

అప్‌డేట్ అయిన మొదటి గంటల్లో సర్వర్ పాటల లైబ్రరీ మొత్తాన్నీ మళ్లీ స్కాన్ చేస్తుండొచ్చు. రూన్ లాంటివి వెనకాల ఆడియో విశ్లేషణ కూడా చేస్తుంటాయి. చిన్న ప్రాసెసర్, నెమ్మది హార్డ్ డిస్క్ ఉన్న చోట ఆ సమయంలో పాట ఆగి ఆగి రావడం మామూలే. మా ఇంట్లో ఒకసారి రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే, పొద్దున్నే అమ్మ కేక: "ఒరేయ్, సుప్రభాతానికి ఎక్కిళ్లొచ్చాయిరా!" మధ్యాహ్నానికి స్కాన్ ముగిసింది, ఎక్కిళ్లూ పోయాయి.

ఒక రోజు గడిచాక కూడా చిటపటలు పోకపోతే కరెంటు అడాప్టర్‌ను అనుమానించండి. రాస్ప్‌బెర్రీ పై 4కు కంపెనీ అడాప్టర్ 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. ఫోన్ చార్జర్ పెట్టినవాళ్లకు పాత వెర్షన్ మీద ఎలాగో గడిచిపోయి, కొత్త వెర్షన్ కాస్త ఎక్కువ పని పెట్టేసరికి వోల్టేజీ పడిపోవచ్చు. 4.63 వోల్టుల కిందకు దిగితే రాస్ప్‌బెర్రీ పై ఒక హెచ్చరిక రాసుకుంటుంది, స్క్రీన్ తగిలించి ఉంటే మెరుపు గుర్తు కనపడుతుంది. అప్‌డేట్‌ను తిట్టడం మానేసి అడాప్టర్ మార్చండి.

దారి సరిచూడడం: అసలు పని ఇదే

పాట పెట్టి, డాక్ మీది అంకె చూడండి. అంకె లేని చిన్న డాక్‌లలో రేటును బట్టి రంగు మారే లైటుంటుంది. సీడీ నుంచి తీసిన పాటకు 44.1 కనపడాలి. 48 కనపడితే దారిలో ఎవరో రేటు మారుస్తున్నారు. పైప్‌వైర్ డీఫాల్ట్ 48, అల్సాలో నాలుగైదు ప్రోగ్రాముల సౌండ్ కలిపే డీమిక్స్ డీఫాల్ట్ కూడా 48. అందుకే అప్‌డేట్ తర్వాత ఈ అంకె అంత తరచుగా ఎదురవుతుంది.

డాక్ మీద అంకె, లైటు ఏదీ లేకపోతే లినక్స్‌నే అడగొచ్చు. పాట మోగుతుండగా టెర్మినల్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోకి, అందులో ఏసౌండ్‌లోకి, మీ డాక్ ఉన్న కార్డులోకి, పీసీఎం0పీలోకి, సబ్0లోకి వెళ్లండి. అక్కడ హెచ్‌డబ్ల్యూ పారామ్స్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని తెరిస్తే నాలుగైదు పంక్తులుంటాయి. రేటు అన్న పంక్తిలో 44100 ఉందా, 48000 ఉందా చూడండి. ఫార్మాట్ అన్న పంక్తిలో 16 ఉందా, 24 ఉందా, 32 ఉందా అన్నది రెండో విషయం. పాట ఆగి ఉంటే ఆ ఫైల్లో మూసి ఉందన్న ఒక్క మాట తప్ప ఏమీ ఉండదు, కంగారు పడకండి. నేను మోసపోయిన వారం తర్వాత ఈ ఫైలు తెరిచాకే 48000 అన్న అంకె కనపడి ఉలిక్కిపడ్డాను.

ఎంపీడీలో దీనికి మందు, అవుట్‌పుట్ భాగంలో డివైస్ పంక్తిని డీఫాల్ట్‌కు వదిలేయకుండా డాక్‌ను నేరుగా పేరు పెట్టి రాయడం. నంబరుతో కాదు, పేరుతో. పై 4లో హెచ్‌డీఎంఐ పోర్టులు కూడా సౌండ్ కార్డులే. డ్రైవర్ లేచే వరస మారితే నిన్న 0గా ఉన్న డాక్ ఇవాళ 2 కావచ్చు. పేరు మారదు.

రేటు మార్చడం తప్పనిసరి అయితే, ఎవరు మారుస్తున్నారన్నది ముఖ్యం. ఎంపీడీలో సాక్స్‌ఆర్ అనే మంచి రీశాంప్లర్ ఉంది, ఇంటర్నల్ అనే నాసిరకందీ ఉంది. కొత్త ఫైలు వచ్చి కూర్చున్నప్పుడు మీరు ఎంచుకున్నది పోయి ఉండొచ్చు.

రూన్ వాడేవాళ్లకు ఇంత తిప్పలు లేదు. పాట పేరు పక్కన ఉండే చిన్న చుక్క నొక్కితే దారి మొత్తం మెట్టుమెట్టుగా కనపడుతుంది. ఊదా రంగు అయితే లాస్‌లెస్. రంగు మారితే దారిలో ఏదో పని జరుగుతోందన్నట్టు, ఏ మెట్టు దగ్గరో అక్కడే రాసి ఉంటుంది.

తర్వాత వాల్యూమ్. లిరియన్‌లో ప్లేయర్ ఆడియో పేజీలో అవుట్‌పుట్ 100 శాతం దగ్గర స్థిరంగా ఉంచే ఆప్షన్ ఉంది. మీ యాంప్‌కు సొంత నాబ్ ఉంటే అదే వాడండి. అయితే జాగ్రత్త, ఇంతకుముందు సర్వర్‌లో 40 దగ్గర వినేవాళ్లు యాంప్ నాబ్ తగ్గించకుండా ఈ ఆప్షన్ పెడితే స్పీకర్లూ, పక్కింటివాళ్లూ ఒకేసారి ఉలిక్కిపడతారు. డిజిటల్ వాల్యూమ్ వాడడం మహాపాపమేమీ కాదు. డాక్‌కు 24 బిట్లు వెళుతుంటే కొంచెం తగ్గించినంత మాత్రాన 16 బిట్ల పాటలో ఏదీ పోదు. 16 బిట్లే వెళుతుంటే మాత్రం ఆరు డెసిబెల్స్ తగ్గించిన ప్రతిసారీ ఒక బిట్ పోతుంది.

డీఎస్‌డీ పాటలున్నవాళ్లు డాక్ మీద ఆ మాట కనపడుతోందో లేదో చూడండి. దాని బదులు 352.8 లాంటి అంకె కనపడితే సర్వర్ వాటిని పీసీఎంగా, అంటే మామూలు పాటల అంకెలుగా, మార్చి పంపుతోంది, అంటే డీఎస్‌డీని మార్చకుండా పంపే డీఓపీ సెట్టింగ్ ఎగిరిపోయినట్టు.

ఇంట్లో ఏవీ రిసీవర్ ఉంటే ఇంకో చక్కటి పరీక్ష ఉంది. సరౌండ్ సౌండ్‌ను కోడ్‌గా దాచి ఉంచే డీటీఎస్ సీడీ నుంచి తీసిన ఫైలును ఆప్టికల్ తీగ మీదుగా రిసీవర్‌కు పంపండి. ఒక్క బిట్ కూడా మారకుండా చేరితే రిసీవర్ మీద డీటీఎస్ అని వెలుగుతుంది. వాల్యూమ్ వెంట్రుకవాసి మారినా, రేటు మారినా అది డీటీఎస్‌గా గుర్తుపట్టలేదు, పాట బదులు బుస్సున ఒక రొద వస్తుంది. అందుకని మొదట రిసీవర్ వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టండి.

ఇంకా తేడా ఉందనిపిస్తే: గట్టితనం సమానం చేయండి

దారి అంతా సరిగ్గా ఉంది, అయినా సౌండ్ పలచబడిందనిపిస్తోంది. ఇప్పుడు పాత కార్డు, అంటే అప్‌డేట్ చేయకుండా దాచిన కార్డు, పనికొస్తుంది. కానీ పోల్చే ముందు రెండింటి గట్టితనం సమానంగా ఉండాలి. అర డెసిబెల్ తేడా ఉంటే చెవి దాన్ని గట్టితనంగా పట్టుకోదు, "స్పష్టత" అనుకుంటుంది, "నిండుతనం" అనుకుంటుంది.

దీనికి ఒక మామూలు మల్టీమీటర్ చాలు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో 100 హెర్ట్జ్ స్వరం ఒక నిమిషం తయారు చేసి సర్వర్‌లో వేసుకోండి. తక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకంటే చవక మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే నమ్మకంగా కొలుస్తాయి. వాల్యూమ్ తక్కువలో మొదలుపెట్టి, మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, స్పీకర్ వెనక రెండు టెర్మినళ్లకూ ఒక్కో ముల్లు ఆనించండి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. పాత కార్డుతో 2.00 వోల్టులు వచ్చిందనుకుందాం. కొత్త కార్డుతో 2.05 వస్తే తేడా 0.2 డెసిబెల్, అంతవరకు ఫర్వాలేదు. 2.24 వస్తే ఒక డెసిబెల్ తేడా ఉన్నట్టు, అప్పుడు మీరు పోలుస్తున్నది సాఫ్ట్‌వేర్‌ను కాదు, వాల్యూమ్‌ను. ఈ స్వరానికి రీప్లేగెయిన్ ట్యాగ్ ఉండదు కాబట్టి రీప్లేగెయిన్‌ను రెండు కార్డుల్లోనూ విడిగా ఆఫ్ చేయండి. లేకపోతే మీటర్ సరిగ్గా ఉందంటుంది, పాటలో తేడా అలాగే ఉంటుంది.

చూడకుండా వినడం

ఇంట్లో ఒకరి సాయం కావాలి. మా ఇంట్లో ఆ బాధ్యత పదో తరగతి చదివే మా అమ్మాయిది. రెండు కార్డులూ తన చేతిలో ఉంటాయి. నేను గది బయట నిలబడతాను. తను నాణెం ఎగరేస్తుంది. బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది. కార్డు పెట్టి, సర్వర్ లేచాక, పాట మొదలుపెట్టి నన్ను పిలుస్తుంది. సర్వర్ స్క్రీన్ కనపడకుండా టవల్ కప్పాలి, కొత్త వెర్షన్ లోగో మారి ఉంటే అదే చెప్పేస్తుంది. నేను విని కాగితం మీద పాతదో కొత్తదో రాస్తాను. తన కాగితం మీద నిజం ఉంటుంది. పదిసార్లు అయ్యేదాకా ఇద్దరం నోరు విప్పకూడదు.

పదికి ఐదు, ఆరు సరిపోతే అది నాణెం ఎగరేసినట్టే. తొమ్మిది గానీ పది గానీ సరిపోవడం గుడ్డిగా చెబితే 1,024లో 11 సార్లే జరుగుతుంది, అంటే నూటికి ఒకటి. అన్ని వస్తే తేడా నిజమని ఒప్పుకోవచ్చు. ఎనిమిది వస్తే మాత్రం సంబరపడకండి. ఎనిమిది, అంతకన్నా ఎక్కువ అన్నది అదృష్టం మీద నూటికి ఐదున్నర సార్లు వస్తుంది. ఇంకో రోజు మళ్లీ పెట్టుకోండి. నాకు వచ్చినవి నాలుగు. మా అమ్మాయి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

కార్డు మార్చి సర్వర్ లేచేలోపు నిమిషం దాటుతుంది, చెవి జ్ఞాపకం అంతసేపు నిలవదు అని మీరు అనొచ్చు. నిజమే. అందుకు ఇంకో దారి: డాక్ నుంచి వచ్చే సౌండ్‌ను యూఎస్‌బీ రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌తో ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేయడం. పాత కార్డుతో రెండుసార్లు, కొత్త కార్డుతో ఒకసారి, ఏ నాబూ కదపకుండా. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ అనే తోడు ప్రోగ్రాం వేసుకుంటే, రెండు రికార్డింగుల మధ్య క్షణంలో మారుతూ పరీక్ష పెట్టుకోవచ్చు. లెక్క కూడా అదే చెబుతుంది.

ఆడాసిటీలో ఒకదాన్ని తిరగేసి రెండోదానికి కలిపి, మిగిలిందేమిటో కూడా వినొచ్చు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. రికార్డింగ్ గడియారం, డాక్ గడియారం వేర్వేరు కాబట్టి పూర్తి నిశ్శబ్దం ఎప్పుడూ రాదు. మిగిలిన ఆ కొంచెం సౌండ్ విని "చూశారా తేడా" అనేస్తారు. పాత కార్డుతో రెండుసార్లు రికార్డు చేయమన్నది అందుకే. మొదట పాతదాంట్లోంచి పాతది తీసి ఎంత మిగిలిందో చూడండి. తర్వాత పాతదాంట్లోంచి కొత్తది తీయండి. రెండు మిగుళ్లూ ఇంచుమించు ఒకేలా ఉంటే సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు.

వెనక్కి వెళ్లాలా, ముందుకా?

తేడా నిజమని తేలి, సెట్టింగ్ దొరక్కపోతే పాత కార్డు పెట్టేసి హాయిగా వినండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడం కుదరదు. లిరియన్‌తో నడిచే స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల ఆన్‌లైన్ సర్వర్‌ను 2024 మార్చిలో మూసేసినప్పుడు, దాని మీదుగా నడిచే స్ట్రీమింగ్ సర్వీసులు పాత వెర్షన్ సర్వర్లలో ఆగిపోయాయి. ఇంట్లో డిస్క్ మీద ఉన్న పాటలు మాత్రం ఎప్పటిలాగే మోగాయి. కాబట్టి సొంత పాటలే వినేవాళ్లకు తొందర లేదు, స్ట్రీమింగ్ వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పాత వెర్షన్‌లో ఉండేవాళ్లు రౌటర్‌లో పోర్టు తెరిచి సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు మాత్రం చూపించకండి. లిరియన్ పేజీ 9000 పోర్టు మీద ఉంటుంది, అది ఇంటి గోడలు దాటకూడదు.

కొత్త వెర్షన్ నెల రోజులు ఏ గొడవా లేకుండా నడిస్తే, అప్పుడు పాత కార్డు మీద కొత్త నకలు రాసి కవర్లో పెట్టండి. కవరు మీద వెర్షన్ నంబరు, తేదీ పెన్నుతో రాయండి. పెన్సిల్‌తో రాస్తే మా ఇంట్లో అది ఎవరో చెరిపి పాల లెక్క రాశారు.